తండ్రి పిలుపు – ఎలీ వీజెల్ ‘రాత్రి’పై ఒక పరిశీలన

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నాజీ జర్మనీ చేతుల్లో సుమారు 60 లక్షల మంది యూదులు హతులయ్యారు. ఆ మారణహోమం నుండి ప్రాణాలతో బయటపడినవారు వ్రాసిన గ్రంథాలు ఎన్నో ఉన్నాయి. అయినా ఎలీ వీజెల్ ‘రాత్రి’కి లభించినంత వ్యాప్తి వాటిలో బహు కొద్దింటికే లభించింది. దీనిని పాఠశాలల్లో బోధిస్తున్నారు. దీనిపై సిద్ధాంత వ్యాసాలు వెలువడ్డాయి. గ్రంథకర్తకు 1986లో నోబెల్ శాంతి బహుమానం దక్కింది. అయితే ఇంతగా చదవబడిన ఈ పుస్తకాన్ని చదివే తీరులో ఒక లోపం మొదటినుండీ ఉండిపోయింది. ఇది దైవవిశ్వాసం చచ్చిపోయిన కథ అని ముందే నిశ్చయించుకుని చదవడమే ఆ లోపం. నిదానంగా చదివేవారికి ఇందులో దేవుని ప్రసక్తి కంటె తండ్రి ప్రసక్తే ఎక్కువగా కనిపిస్తుంది. పైగా విశ్వాసం, పితృభక్తి అనేవి ఈ గ్రంథంలో రెండు వేర్వేరు కథలు కావు. ఒకటి తెగినచోటనే రెండవదీ తెగుతుంది. ఒకదాని పోగు మిగిలి ఉన్నచోట రెండవదాని పోగు కూడా మిగిలి ఉంటుంది.

ముస్లిం పాఠకులకు ఈ సాహిత్యంతో పరిచయం తక్కువ. పాలస్తీనా ప్రజలకు జరిగిన, జరుగుతున్న అన్యాయం మధ్యలో గోడలా నిలబడడమే దీనికి ముఖ్య కారణం. ఆ కోపంలో కొందరు యూదుల మారణహోమం అసలు జరగలేదనో, గోరంతను కొండంత చేశారనో వాదించేవరకు వెళ్లారు. అది చరిత్రపట్ల ద్రోహం. అంతేకాదు, ఏదైనా ఒక జాతిపట్ల ఉన్న విరోధం సాక్ష్యం విషయంలో న్యాయం తప్పేలా చేయరాదన్న ఖుర్ఆన్ ఆదేశానికి కూడా అది విరుద్ధం. ఇక వీజెల్ రాజకీయాల విషయం వేరు. ఇజ్రాయెల్‌ను బహిరంగంగా విమర్శించడానికి ఆయన జీవితాంతం నిరాకరించాడు. జెరూసలేం యూదులకే చెందుతుందన్న ధోరణిలో 2010లో అమెరికా పత్రికలలో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చాడు. ప్రపంచం మౌనంగా ఉండిపోయిందని లోకాన్ని నిలదీసిన మనిషికి పాలస్తీనీయుల విషయంలో నోరు పెగలకపోవడం చిన్న లోపం కాదు. 2016లో ఆయన మరణించిన తరువాత కూడా ఆ ఆక్షేపణ మిగిలే ఉంది. అయితే 16 ఏళ్ల బాలుడు అనుభవించినదాన్ని 80 ఏళ్ల వృద్ధుని ప్రకటనతో కొట్టివేయడం సాహిత్య విమర్శ అనిపించుకోదు.

వీజెల్ 1928లో రుమేనియాలోని సిగెత్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. 1940లో ఆ ప్రాంతం హంగరీ ఏలుబడిలోకి వెళ్లింది. తండ్రి ష్లోమో దుకాణం నడిపేవాడు, ఊరి యూదులలో పెద్దమనిషి. ఇంట్లో తన బాధలకంటె ఊరివారి బాధలే ఎక్కువగా పట్టించుకునే స్వభావం. నలుగురు సంతానంలో ఎలీ ఒక్కడే కుమారుడు. ఆ బాలుడు పగలు తాల్ముద్ చదువుతూ, సాయంకాలాలు మోషే అనే పేద ప్రార్థనాలయ సేవకుని దగ్గర యూదుల ఆధ్యాత్మిక విద్యను అభ్యసించేవాడు. ఆ విద్యకు ఇంకా వయస్సు రాలేదని తండ్రి అభ్యంతరం చెప్పాడు. తండ్రి ఒకవైపు, దేవుని అన్వేషణ మరొకవైపు – పుస్తకం ప్రారంభంలో రెండూ ఇలా ఎడంగా ఉండడం గమనించదగినది. విదేశీయుడన్న నెపంతో మోషేను వెళ్లగొట్టగా, సామూహిక హత్యల నుండి తప్పించుకుని తిరిగివచ్చి అతడు ఊరివారిని హెచ్చరించాడు. పిచ్చివాడన్నారేగాని నమ్మినవారు లేరు.

1944 మార్చి 19న జర్మన్ సైన్యం హంగరీని ఆక్రమించింది. మే 15 నుండి జూలై 9 వరకు ఎనిమిది వారాల్లో సుమారు 4,40,000 మంది యూదులను రైళ్లలో తరలించారు. వారిలో అత్యధికులు చేరింది ఆష్విట్జ్‌కే. బిర్కెనావ్ రైలుదిమ్మ మీద పురుషులను ఒకవైపు, స్త్రీలను మరొకవైపు వేరుచేశారు. తల్లి, చిన్న చెల్లెలు సిపోరా ఆ క్షణంలోనే శాశ్వతంగా దూరమయ్యారు. తాను తల్లిని కడసారి చూస్తున్నానని బాలునికి తెలియదు. ఒక ఖైదీ దగ్గరకు వచ్చి వయస్సు అడిగి, 15 కాదు 18 అని చెప్పమని కొడుక్కి, 50 కాదు 40 అని చెప్పమని తండ్రికి రహస్యంగా బోధించాడు. ఆ అబద్ధమే వారిద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టింది. అక్కడి నుండి ఆ బాలుని ధ్యేయం ఒక్కటే – తండ్రి చెయ్యి వదలకుండా ఉండడం.

ఈ గ్రంథం మొదట 1956లో బ్యూనస్ ఎయిరెస్‌లో యిద్దిష్ భాషలో అచ్చయింది. దాని పేరుకు ‘ప్రపంచం మౌనంగా ఉండిపోయింది’ అని అర్థం. దాన్ని బాగా కుదించి 1958లో ఫ్రెంచిలో ‘రాత్రి’గా ప్రచురించారు. 1960లో ఆంగ్లానువాదం వచ్చింది. ఫ్రెంచి ప్రతికి ముందుమాట వ్రాసినవాడు కాథలిక్ నవలాకారుడు ఫ్రాన్స్వా మోరియాక్. యువకుడైన వీజెల్‌ను వ్రాయమని ప్రోత్సహించి, ప్రచురణకు దారి చూపినవాడు ఆయనే. ఆయన మేలు మరువరానిదే. కాని పుస్తకాన్ని చదివే కళ్లద్దాలను కూడా ఆయనే ఇచ్చిపోయాడు. శిబిరంలో ఒక పసివాణ్ణి ఉరితీసే దృశ్యం మోరియాక్‌కు ఏసు శిలువను గుర్తుకు తెచ్చింది. దేవుడు మరణించాడన్న భావం చుట్టూ ఆయన తన ముందుమాటను అల్లాడు. తరువాత వచ్చిన విమర్శకులలో అనేకులు ఆ బాటలోనే నడిచారు. దేవుని మరణమన్న భావన క్రైస్తవ వేదాంతంలో ఇమిడేది. యూదులకుగాని ముస్లిములకుగాని అది తమ సంప్రదాయంలోని భాష కాదు. యూద సంప్రదాయంలో దాసుడు దేవునితో వాదిస్తాడు, మొరపెట్టుకుంటాడు, అలుగుతాడు. అలిగినవాడు ఎదుటివాడు లేడని అనుకోడు.

దీనికి తగిన నిదర్శనం ఉపవాస ఘట్టం. బూనా శిబిరంలో ఉండగా యోమ్ కిప్పూర్, అంటే యూదుల ప్రాయశ్చిత్త దినం వచ్చింది. ఆకలితో చస్తున్నవారు ఆ రోజు ఉపవాసం ఉండాలా, వద్దా? ఖైదీల మధ్య తీవ్రమైన చర్చ జరిగింది. ఉపవాసమంటే చావును తొందరగా పిలవడమేనని కొందరు, ఈ నరకంలో కూడా దైవాజ్ఞను పాటించగలమని చూపాలని మరికొందరు వాదించారు. ఎలీ ఉపవాసం ఉండలేదు. అందుకు రెండు కారణాలు చెప్పుకున్నాడు. మొదటిది, ఉండవద్దని తండ్రి శాసించాడు. రెండవది, దేవుని మౌనాన్ని తానిక అంగీకరించడు. సూపు త్రాగడాన్ని తిరుగుబాటుగా భావించాడు. అయినా తిన్న తరువాత గుండెలో పెద్ద శూన్యం ఏర్పడిందని వ్రాశాడు.

విమర్శకులు రెండవ కారణాన్ని పట్టుకుని మొదటిదాన్ని వదిలివేశారు. యూద ధర్మశాస్త్రంలో విగ్రహారాధన, హత్య, వ్యభిచారం అనే మూడు విషయాల్లో తప్ప, ప్రాణరక్షణకోసం మిగతా విధులన్నీ పక్కకు తప్పుకుంటాయి. ఇస్లామీ ఫిఖ్‌హ్‌లో ‘ఇజ్తిరార్’ అనబడే నిర్బంధ స్థితి గురించి తెలిసినవారికి ఇది కొత్త సూత్రం కాదు. ప్రాణం పోయేటప్పుడు నిషిద్ధాహారం కూడా అవసరమైనంతవరకు అనుమతించబడుతుంది. కాబట్టి తండ్రి శాసనం ధర్మానికి వెలుపలిది కాదు, ధర్మం చెప్పిన మాటే. బాలుడు తిరుగుబాటు అనుకుని త్రాగిన సూపు నిజానికి రెండు విధాల విధేయత – తండ్రికి, తండ్రి నోటి ద్వారా పలికిన ధర్మానికి. ఆ మాట అతనికి తెలియదు. బహుశా గ్రంథకర్తకు కూడా వ్రాసేటప్పుడు స్ఫురించి ఉండదు. కాని అదే అధ్యాయంలో రెండు కారణాలను పక్కపక్కనే పెట్టినవాడు ఆయనే.

దివ్య ఖుర్ఆన్‌లోని బనీ ఇస్రాయీల్ సూరాలో 23వ ఆయత్ అల్లాహ్‌ను తప్ప మరెవరినీ ఆరాధించరాదని ఆదేశించి, అదే ఊపిరిలో తల్లిదండ్రులపట్ల సద్వర్తనను విధిస్తుంది. వృద్ధాప్యంలో వారిపట్ల విసుగు కూడా కనబరచరాదని చెబుతుంది. తౌరాత్‌లోని పది ఆజ్ఞలలో కూడా తల్లిదండ్రుల గౌరవం ఒక ఆజ్ఞ. ‘రాత్రి’లోని ప్రతి ముఖ్య ఘట్టమూ ఈ విధిని ఎంతవరకు నిలుపుకోవచ్చునన్న పరీక్షే. శిబిరానికి వచ్చిన మొదటిరోజే మరుగుదొడ్డి ఎక్కడని అడిగిన పాపానికి తండ్రిని ఒక కాపలా ఖైదీ చెంపదెబ్బ కొట్టి నేలకూల్చాడు. కొడుకు కదలలేదు. నిన్నటిదాకా అయితే కొట్టినవాని మీద పడి రక్కేవాణ్ణే, ఇంత త్వరగా మారిపోయానా అని తనను తానే ప్రశ్నించుకున్నాడు. కొన్నాళ్లకు మరొక సంగతి జరిగింది. కొడుకు పంటిమీది బంగారు తొడుగు కోసం ఫ్రానెక్ అనే మేస్త్రీ కన్నువేశాడు. ఇవ్వనన్నందుకు కసి తీర్చుకునే మార్గం వెతికాడు. సైనికుల్లా అడుగులో అడుగు వేసి నడవడం తండ్రికి రాదు. తప్పిన ప్రతి అడుగుకూ అతణ్ణి కొట్టసాగాడు. కొడుకు బారకాసు ముందు తండ్రికి కవాతు నేర్పడం మొదలుపెట్టాడు. ఎడమ, కుడి అని ఆజ్ఞాపిస్తూ ఉంటే చుట్టూ ఉన్న ఖైదీలు నవ్వారు. పిల్లవానికి నడక నేర్పవలసిన తండ్రి, కొడుకు దగ్గర నడక నేర్చుకున్నాడు. రెండు వారాల తరువాత చేసేది లేక కొడుకు బంగారు తొడుగు ఇచ్చివేశాడు. పుస్తకంలో దేవుని గురించిన గంభీరమైన వాక్యాలకంటె ఈ పేజీ ఎక్కువ బరువైనది.

తరువాత ఒక ఏరివేతలో తండ్రి పేరు చంపవలసినవారి జాబితాలో చేరింది. పనికి పోతున్న కొడుకు చేతిలో తండ్రి తన కత్తి, చెంచా పెట్టాడు. అంతకంటె ఇవ్వదగిన ఆస్తి లేదు. సాయంత్రం తిరిగివచ్చేసరికి రెండవ విడత పరీక్షలో తప్పించుకుని తండ్రి బ్రతికే ఉన్నాడు. కొడుకు కత్తిని, చెంచాను తిరిగి ఇచ్చివేశాడు. వారసత్వం తిరుగుముఖం పట్టిన ఇట్టి సన్నివేశం ఏ సాహిత్యంలోనైనా అరుదు. ఆ రోజుల్లోనే అకీబా డ్రూమర్ అనే భక్తుడు విశ్వాసం కోల్పోయి, చావును ఒప్పుకున్నాడు. మూడు రోజుల తరువాత తనకోసం కద్దీష్ చదవమని తోటివారిని కోరాడు. కద్దీష్ అంటే చనిపోయినవారి కోసం ఆప్తులు, ముఖ్యంగా కుమారులు చదివే దైవస్తుతి. అందరూ మాట ఇచ్చారు. పనిభారంలో, దెబ్బల మధ్య మరిచిపోయారు. దేవుణ్ణి మరవడం గురించి ఎంతో వ్రాసిన గ్రంథకర్త ఈ మరుపు గురించి ఒక్క వాక్యంతో సరిపుచ్చాడు. ఆ ఒక్క వాక్యంలోని సిగ్గు మాత్రం ఎంతో పెద్దది.

1945 జనవరి 18న, రష్యన్ సైన్యం సమీపించడంతో, ఖైదీలను మంచులో నడిపించుకుపోయారు. దారిలో రబ్బీ ఎలియాహు అనే పెద్దమనిషి తన కొడుకును వెతుక్కుంటూ వచ్చాడు. మూడేళ్లుగా శిబిరం తరువాత శిబిరంలో ఇద్దరూ కలిసే ఉన్నారు. పరుగులో ఎక్కడో తప్పిపోయారట. తనకు కనబడలేదని ఎలీ చెప్పాడు. ఆయన వెళ్లిపోయిన తరువాత జ్ఞాపకం వచ్చింది. తండ్రి కుంటుతూ వెనుకబడడం ఆ కొడుకు చూశాడు. చూసే ముందుకు పరుగెత్తాడు. అప్పుడు ఎలీ నోట తనకు తెలియకుండానే ప్రార్థన వెలువడింది. తాను ఇక నమ్మని ఆ దేవుణ్ణే వేడుకున్నాడు – రబ్బీ ఎలియాహు కొడుకు చేసిన పని తాను ఎన్నడూ చేయకుండా శక్తినిమ్మని.

పుస్తకమంతటికీ ఇదే ఇరుసు. దేవుడు మరణించాడని చెప్పే విమర్శకులకు ఈ దుఆ పెద్ద చిక్కు. తనకోసం, రొట్టెకోసం, ప్రాణంకోసం అడగనివాడు తండ్రిపట్ల ద్రోహం చేయకుండా ఉండడం కోసం అడిగాడు. విశ్వాసమంతా తుడిచిపెట్టుకుపోయిందని తానే ప్రకటించిన మనిషిలో అది దాగి ఉన్న చోటు ఇదే.

ఆ దుఆ ఫలించిందా? రైలుపెట్టెలో ఒక రొట్టెముక్క కోసం తండ్రిని కొట్టి చంపిన కొడుకు కథను గ్రంథకర్త వెనువెంటనే చెబుతాడు. ఆ తండ్రి తన చొక్కాలో దాచిన ముక్కలో కొడుక్కి కూడా వాటా ఉందని చెబుతూనే ఉన్నాడు. తరువాతి నిమిషంలో ఇతరులు ఆ కొడుకునూ చంపారు. బూఖెన్‌వాల్డ్ చేరిన తరువాత ఒక వైమానిక దాడి గందరగోళంలో తండ్రి తప్పిపోయాడు. మరునాడు వెతకడానికి బయలుదేరిన ఎలీ మనసులో తండ్రి దొరకకపోతే బాగుండునన్న తలంపు మెదిలింది. వెంటనే సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు జీవితాంతం వదలలేదు. దొరికిన తండ్రికి తన సూపు ఇచ్చాడుగాని మనస్ఫూర్తిగా ఇవ్వలేదు. రబ్బీ ఎలియాహు కొడుకులాగే తానూ పరీక్షలో ఓడిపోయానని వ్రాసుకున్నాడు. బారకాసు పెద్ద వచ్చి, ఇక్కడ తండ్రీ లేడు, అన్నా లేడు, ఎవరి బ్రతుకు వారిదేనని, చచ్చే తండ్రికి రొట్టె పెట్టడం మాని అతని వాటా కూడా తినమని హితబోధ చేశాడు. ఆ మాట సబబేనని ఒక్క క్షణం తోచిందని, ఆ క్షణాన్ని కూడా గ్రంథకర్త దాచలేదు. జనవరి 28 రాత్రి తండ్రి కొడుకు పేరు పెట్టి పిలిచాడు. కొడుకు బదులు పలకలేదు. 29 తెల్లవారేసరికి ఆ పడకలో మరొక రోగి ఉన్నాడు.

ఇట్టి కథలను చదివి శిబిరాల్లో ధర్మమే లేకుండా పోయిందని నిర్ణయించేవారికి మరొక గ్రంథం అడ్డు తగులుతుంది. హంగరీకి చెందిన రబ్బీ జ్వీ హిర్ష్ మైజెల్స్ ఆష్విట్జ్ నుండి బ్రతికి బయటపడి, 1955లో చికాగోలో తన ధర్మనిర్ణయ గ్రంథాన్ని ప్రకటించాడు. 1944 యూద సంవత్సరాది సమయంలో సుమారు 1,400 మంది బాలురను గ్యాస్‌తో చంపడానికి ఒక బారకాసులో బంధించారు. కాపలా ఉన్న ఖైదీలకు లంచమిస్తే ఒక పిల్లవాణ్ణి విడిపించవచ్చు. కాని లెక్క తగ్గరాదు. ఒకణ్ణి వదిలితే మరొకణ్ణి పట్టుకొచ్చి లోపల పెడతారు. ఒక తండ్రి మైజెల్స్ దగ్గరకు వచ్చి ఫత్వా అడిగాడు. తన ఒక్కగానొక్క కొడుకును విడిపించుకోవడం ధర్మశాస్త్రం ప్రకారం సమ్మతమా? గ్రంథాలు లేవు, సలహాకు తోటి పండితులు లేరు, ఈ స్థితిలో చెప్పలేను, నన్ను అడగవద్దు అని రబ్బీ బ్రతిమాలాడు. సమ్మతమని మీరు చెప్పలేకపోయారంటే సమ్మతం కాదనే అర్థమని ఆ తండ్రి గ్రహించాడు. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) తన కుమారుణ్ణి సమర్పించడానికి సిద్ధపడినట్లే తానూ ఈ తీర్పును స్వీకరిస్తున్నానని చెప్పి కొడుకును విడిపించుకోలేదు.

ఈ వృత్తాంతం మైజెల్స్ కథనం ద్వారా మాత్రమే అందినది, ఘటన తరువాత పదేళ్లకు వెలువడినది. భక్తుల కథలు చెప్పే యూదుల సంప్రదాయ శైలి దానిపై సోకి ఉండవచ్చు. అయితే అందులోని ధర్మసంకటం చాలా కచ్చితమైనది. పైన చెప్పిన మూడు మినహాయింపులలో హత్య ఒకటి. తన ప్రాణం కోసం పరాయి ప్రాణం తీయరాదు. బలవంతం, అంటే ‘ఇక్రాహ్’ ఎంత తీవ్రమైనా నిర్దోషిని చంపడానికి అనుమతి లభించదన్నది ఇస్లామీ ధర్మవేత్తల నిర్ణయం కూడా. ఆష్విట్జ్‌లో ఎవరి పుత్రప్రేమా నిర్దోషంగా ఉండే వీలు లేకుండా నాజీలు లెక్క కట్టారు. ఆ తండ్రి కాపాడినది పరాయి తండ్రి కొడుకును. అతడెవరో ఆయనకు తెలియదు, తెలిసే అవకాశమూ లేదు. ‘రాత్రి’ని ఈ కథ పక్కన పెట్టి చదివినప్పుడే వీజెల్ తనమీద తాను మోపుకున్న నేరం ఎంత బరువైనదో, ఎంత అన్యాయమైనదో కూడా అర్థమవుతుంది.

వీజెల్ బూనాలో ఉన్న రోజుల్లోనే అక్కడ ప్రీమో లేవీ అనే ఇటాలియన్ రసాయన శాస్త్రజ్ఞుడు కూడా ఖైదీగా ఉన్నాడు. ఆయన నాస్తికుడు. 1947లో ప్రచురించిన ‘ఇతడు మనిషేనా’ అన్న భావం గల గ్రంథంలో 1944 అక్టోబర్ ఏరివేత రాత్రిని వర్ణించాడు. కూన్ అనే ముసలివాడు తాను ఎంపిక కానందుకు బిగ్గరగా దేవునికి కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాడు. పక్క పడకలో గ్రీకు యువకుడు బెప్పో, 20 ఏళ్లవాడు, ఎల్లుండి గ్యాస్‌కు పోవలసినవాడు, దీపంవైపు చూస్తూ పడుకుని ఉన్నాడు. లేవీ ఆగ్రహం పట్టలేకపోయాడు. దేవుడైతే ఆ ప్రార్థనను అసహ్యించుకునేవాడని వ్రాశాడు. దీన్ని కేవలం నాస్తికుని వెటకారంగా కొట్టివేయడం పొరపాటు. పక్కవాడి చావును చూడని ప్రార్థన ప్రార్థనేనా అన్నది ఆయన ప్రశ్న. అది విశ్వాసులు కూడా వేసుకోవలసిన ప్రశ్న. ఆయన 1986 నాటి చివరి గ్రంథంలో, ఆ ఏరివేతలో తనకూ ప్రార్థించాలన్న కోరిక ఒక్క క్షణం కలిగిందని, దాన్ని అణచుకున్నానని చెప్పాడు. మతవిశ్వాసులు, దృఢమైన రాజకీయ విశ్వాసం గలవారు శిబిరాన్ని తమకంటె మెరుగుగా తట్టుకున్నారని కూడా ఒప్పుకున్నాడు. మరొక నాస్తిక ఖైదీ జాఁ అమెరీ 1966లోనే ఈ సంగతి చెప్పాడు. అయితే మెరుగుగా తట్టుకోవడం వేరు, బ్రతకడం వేరు. ఎవరు బ్రతికారన్నది అధికభాగం అదృష్టమేనని లేవీ పట్టుబట్టాడు. ఆయన జీవితమే దానికి ఉదాహరణ. జనవరి 18న లేవీ జ్వరంతో బూనా ఆసుపత్రిలో ఉండిపోయాడు. అదే ఆసుపత్రిలో కాలి శస్త్రచికిత్స చేయించుకున్న వీజెల్, వెనుకబడినవారిని చంపివేస్తారన్న భయంతో తండ్రితో కలిసి బయలుదేరాడు. లేవీకి జనవరి 27న విముక్తి లభించింది. మరునాటి రాత్రే బూఖెన్‌వాల్డ్‌లో ష్లోమో వీజెల్ చివరిసారిగా కొడుకును పిలిచాడు.

వియన్నా మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకెల్ గ్రంథం (1946) భారతదేశంలో ఈ రెండింటికంటె ఎక్కువగా కనబడుతుంది, ముఖ్యంగా వ్యక్తిత్వ వికాస గ్రంథాల వరుసలో. జీవితానికి అర్థం ఉన్నదని నమ్మినవాడు ఏ బాధనైనా తట్టుకోగలడన్నది దాని సారాంశంగా ప్రచారమైంది. ఆయన జీవితంలోని ఒక సంగతి ఆ సారాంశంకంటె విలువైనది. అమెరికా వెళ్లడానికి వీసా వచ్చినా వృద్ధులైన తల్లిదండ్రులను వదిలి వెళ్లాలా అని ఊగిసలాడుతున్న రోజుల్లో, నాజీలు కూల్చిన ప్రార్థనాలయం నుండి తండ్రి తెచ్చిన పాలరాతి ముక్క ఇంట్లో కనబడింది. దానిపై చెక్కిన అక్షరం తల్లిదండ్రులను గౌరవించమన్న ఆజ్ఞలోనిది. ఆయన ఉండిపోయాడు. తండ్రి తెరెజిన్‌లో మరణించాడు. తల్లిని ఆష్విట్జ్‌లో చంపారు. భార్య, సోదరుడు కూడా తిరిగి రాలేదు. అర్థం తెలిసినవాడే బ్రతుకుతాడంటే వీరి జీవితాలకు అర్థం లేదనవలసి వస్తుంది. ఫ్రాంకెల్ అంత మాట అనలేదు. ఉత్తములు తిరిగి రాలేదని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ పేజీని వ్యక్తిత్వ వికాస బోధకులు చదివినట్లు లేదు.

ముస్లిం పాఠకునికి ఈ సాహిత్యంలో గొంతులో ముల్లులా గుచ్చుకునే మాట ఒకటి ఉంది. ఆకలితో అస్థిపంజరమై, మాట, చూపు, ఆశ అన్నీ పోయి, నేడో రేపో చనిపోయే ఖైదీని ఆష్విట్జ్ భాషలో ‘ముసల్మాన్’ అని పిలిచేవారు. జర్మన్ భాషలో దాని అర్థం ముస్లిం అనే. లేవీ గ్రంథంలో ఈ మాట ప్రధాన స్థానం ఆక్రమించింది. ఆ పేరు ఎందుకు వచ్చిందో స్పష్టంగా తేలలేదు. తలకు చుట్టిన గుడ్డలు తలపాగాల్లా ఉన్నందున అని, ముస్లిములు విధివాదులన్న నమ్మకం వల్ల అని చెప్పే రెండు వివరణలను లేవీ పేర్కొని, రెండూ నమ్మదగినవిగా లేవన్నాడు. దూరం నుండి చూస్తే వారు నమాజులో వంగినట్లు కనిపించేవారని మరికొందరు అంటారు. 1987లో పోలండ్ పరిశోధకులు ఇద్దరు మాజీ ఖైదీల వాంగ్మూలాలతో ఈ విషయంపై అధ్యయనం ప్రకటించారు. 1998లో ఇటాలియన్ తత్త్వవేత్త జార్జో అగంబెన్ ఈ మాట మీదనే ఒక తత్త్వగ్రంథం నిర్మించాడు.

ఈ మాట వాడిన ఖైదీలపై కోపగించడం అర్థంలేని పని. వారిలో ఎక్కువమంది ముస్లింను చూసి కూడా ఉండరు. ఐరోపా శతాబ్దాలుగా మోసుకొచ్చిన ఒక అభిప్రాయం, ఇస్లాం అంటే చేతులు ముడుచుకుని విధికి లొంగిపోవడమన్న అభిప్రాయం, ఆ నరకంలో కూడా వారి నోళ్లలో మిగిలిపోయింది. ఆక్షేపించవలసింది తరువాతి పండితులనే. దశాబ్దాల తరబడి ఆ మాటను అలాగే వాడుతూ పోయినవారిలో, ముస్లిం అన్న పదానికి ఆ మనిషి స్థితికి సంబంధం ఉందా అని అడిగినవారు కొద్దిమందే. ఇస్లాం అన్న పదంలోని సమర్పణ తెలివితో, ఇచ్ఛతో చేసేది. ఇచ్ఛ నశించినవాని సమర్పణకు ఆ పేరు చెల్లదు. తెలివి కోల్పోయిన మనిషి మీద ధర్మవిధుల భారం లేదని, అతని కర్మలు వ్రాసే కలం ఎత్తివేయబడుతుందని ధర్మవేత్తలు చెబుతారు. అంటే శిబిరం ఎవరిని ముసల్మాన్ అని హేళన చేసిందో అతడు ఇస్లామీ దృష్టిలో నేరస్థుడూ కాడు, ఓడినవాడూ కాడు. ఆకలి అతణ్ణి చంపుతున్నది, అంతే. ష్లోమో వీజెల్ చివరి వారంలో ఉన్న స్థితి దాదాపు అదే. విరేచనాలతో, జ్వరంతో ఉన్న ఆయన చివరకు పలికినది మాత్రం కొడుకు పేరు. శిబిరం ఇచ్చిన పేరును ఆ ఒక్క పిలుపు చెరిపివేస్తుంది.

‘రాత్రి’ లోపాలు లేని గ్రంథం కాదు. అది తండ్రీ కొడుకుల గ్రంథం. తల్లి, అక్కచెల్లెళ్లు రైలుదిమ్మ దగ్గరే కథ నుండి జారిపోయారు. ఇద్దరు అక్కలు బ్రతికి బయటపడి యుద్ధానంతరం తమ్ముణ్ణి కలుసుకున్నారన్న సంగతి కూడా పుస్తకంలో లేదు. స్త్రీల శిబిరాల్లో బంధుత్వం వేరే విధంగా నిలిచింది. 1942 మార్చి 26న స్లొవేకియా నుండి ఆష్విట్జ్ చేరిన మొదటి యూద యువతుల రైలులో వచ్చిన రేనా కోర్న్‌రైఖ్, చెల్లెలు డాంకాను కాపాడుకుంటూ చివరివరకు నిలిచింది. 1995లో ఆమె గ్రంథం వెలువడింది. పన్నెండేళ్ల రూత్ క్లూగర్‌కు వయస్సు 15 అని చెప్పమని బోధించి ప్రాణం నిలిపినది కూడా ఒక అపరిచిత ఖైదీ యువతే. తల్లితో కలిసి బ్రతికిన క్లూగర్ 1992లో వ్రాసిన గ్రంథంలో తల్లీ కూతుళ్ల బంధంలోని చేదును కూడా దాచలేదు. బాధ మనుషులను పునీతులను చేస్తుందన్న భ్రమ ఆమెకు లేదు. వీజెల్ గ్రంథం మాత్రమే చదివి శిబిరాల గురించి తెలుసుకున్నామనుకునేవారు ఈ రెండూ చదవడం అవసరం.

మరొక ఆక్షేపణ నయోమీ సైడ్‌మన్ 1996లో లేవనెత్తినది. యిద్దిష్ మూలంలో ఉన్న కోపం, పగ ఫ్రెంచి ప్రతిలో చల్లారిపోయాయని, క్రైస్తవ ఐరోపా పాఠకులకు రుచించేలా కోపం స్థానంలో మౌనవేదన వచ్చిందని ఆమె రెండు ప్రతులనూ పోల్చి చూపింది. ఆమె వాదంపై చాలా వాగ్వివాదం జరిగింది. మోరియాక్ కళ్లద్దాల గురించి పైన చెప్పినది ఈ పరిశీలనతో బలపడుతుంది. అయితే కుదింపులో పోయినది కోపం ఒక్కటే కాదు. 2006లో కొత్త ఆంగ్లానువాదం వెలువడినప్పుడు వీజెల్ ఒక ముందుమాట వ్రాసి, యిద్దిష్ మూలం నుండి గతంలో తొలగించిన కొన్ని భాగాలను అందులో బయటపెట్టాడు. వాటిలో ఒకటి తండ్రి చనిపోయిన రాత్రికి సంబంధించినది. తండ్రి దగ్గరకు రమ్మని వేడుకున్నాడు. ఏదో చెప్పాలన్నాడు, ఒంటరిగా వదలవద్దన్నాడు. కొడుకు విన్నాడు, అర్థం చేసుకున్నాడు, కదలలేదు. తండ్రి కేకలకు కాపలావాళ్లు కొడుతున్నారు. ఆ దెబ్బలు తనమీద పడతాయని భయపడ్డాడు. ఇందుకు తనను తాను ఎన్నటికీ క్షమించుకోలేనని యిద్దిష్‌లో వ్రాసుకున్న మాటను, అతి వ్యక్తిగతమన్న కారణంతో తొలగించిన ఆ మాటను, 78వ ఏట ఆయన తిరిగి అచ్చువేయించాడు.